ఎనిమిదో తొట్టి

తలుపు మీది బోర్డులో ఏదో పెద్ద పేరు ఉండేది. దాన్ని చదివినవాళ్ళెవరూ లోపల బట్టలు ఉతకలేదు, ఉతికినవాళ్ళెవరూ దాన్ని చదవలేదు. అందరికీ అది తొట్ల సావిడి. పైన రేకులు, కింద నల్లరాయి నేల, మధ్యలో వరసగా ఎనిమిది రాతి తొట్లు. ముప్పయ్యొక్క ఏళ్ళు ఆ సావిడి పైపులు నేనే చూశాను. అందుకే మనుషుల కన్నా ముందు నీళ్ళ గురించి చెబుతాను. నీళ్ళ దారి తెలియకపోతే తాళాలక్క సంగతి తెలియదు.

గోడలోని పైపు నుంచి నీళ్ళు మొదటి తొట్టిలో పడతాయి. అది నిండితే అంచుకు కొట్టిన గాడిలోంచి రెండోదానిలోకి, అక్కణ్ణించి మూడోదానిలోకి, అలా ఎనిమిదో తొట్టి దాకా పోయి, ఆపైన కాలవలో కలుస్తాయి. ఒక్కో తొట్టి ముందుదాని కన్నా నాలుగు వేళ్ళు పల్లం. ఎవరు కట్టారో గాని మట్టం పెట్టడం తెలిసిన చెయ్యి. అన్నేళ్ళలో ఒక్క రాయి కదల్లేదు.

మొదటి తొట్టి ఆఖరి జాడింపుకు. రెండు నుంచి ఏడు దాకా మామూలు ఉతుకు, ఎవరి చోటు వాళ్ళది. ఎనిమిదోది జబ్బు ఇంటి బట్టలకు. దాని పక్కనే పొయ్యి మీద పెద్ద రాగి కాగు. జబ్బు మనిషి బట్టలు ముందు కాగులో ఉడకాలి, తర్వాత ఎనిమిదో తొట్టిలో ఉతకాలి. ఆ నీళ్ళు ఇంకొకరి బట్టను తాకకుండా నేరుగా కాలవలోకి పోతాయి. ఈ నియమం ఎక్కడా రాసి లేదు. రాయాల్సిన అవసరమూ లేదు, తాళాలక్క ఉంది కాబట్టి.

ఆవిడ నడుముకు ఒక తాడు, తాడుకు తొమ్మిది తాళంచెవులు. ఒకటి సావిడి తలుపుది, ఒకటి బొగ్గుల గదిది. మిగిలిన ఏడూ దేనివో ఆవిడకూ తెలియదు. "పడేయొచ్చుగా అక్కా" అంటే, "బరువు తగ్గితే నేనొచ్చేది మీకు వినపడదు. అప్పుడు నా మీద చాడీలు చెప్పుకుంటూ దొరికిపోతారు" అనేది. తలుపు తీయడం, వేయడం, నేల తుడవడం, ఇంతే మున్సిపాలిటీ కాగితం మీద ఆవిడ పని. నిజానికి ఆ వీధిలో బట్ట సంగతి ఆవిడంత తెలిసినవాళ్ళు లేరు. రక్తం మరక మీద వేడినీళ్ళు పోయబోయిన చేతిని గాల్లోనే పట్టుకునేది. చొక్కా కాలరు రుద్దీ రుద్దీ నూలు లేపితే ఒళ్ళు మండేది.

"నీ కోపం చొక్కా మీదా, తొడుక్కున్నవాడి మీదా?"

"రెంటి మీదా అక్కా!" అని ఎవరో ఒకరు అనేవాళ్ళు. సావిడంతా నవ్వేది.

ఆవిడకు అస్సలు గిట్టని మాట ఒకటుంది. "ఏం కాదులే" అనేది ఆ మాట. ఒకసారి నేను పైపు బిగిస్తుండగా, మా వీధికి కొత్తగా వచ్చిన ఒకమ్మాయి నాలుగో తొట్టిలో పసిపిల్ల గుడ్డలు నానబెట్టింది. తాళాలక్క ముక్కుతోనే కనిపెట్టింది.

"పిల్లకు విరేచనాలా?"

"నిన్నటి నుంచేనక్కా. కొంచెమే. ఏం కాదులే."

"నీకేం కాదు. నీ కింద నాలుగు తొట్లున్నాయి, వాళ్ళకవుతుంది. తియ్యి. కాగులో వెయ్యి."

"అందరూ చూస్తారక్కా..."

"చూడనీ. చూస్తే పాపం అనుకుంటారు. దాచావని తెలిస్తే నీ మొహం చూడరు. నీ ఇష్టం."

ఆ అమ్మాయి ఏడుస్తూనే ఎనిమిదో తొట్టి దగ్గరికి పోయింది. ఎవరూ ఏమీ అనలేదు. సాయంత్రానికి ఆ తొట్టి అంచు మీద ఐదు సబ్బు ముక్కలున్నాయి. అక్కడి పద్ధతి అది. ఎనిమిదో తొట్టికి ఎవరైనా వెళ్తే "ఎవరికి?" అని ఒక్క మాట అడుగుతారు. "అత్తకు" అనో "పిల్లకు" అనో జవాబు. అంతటితో సరి. తర్వాత వెళ్తూ వెళ్తూ తమ సబ్బులోంచి ఒక ముక్క కోసి అక్కడ పెట్టిపోతారు. జబ్బు ఇంట్లో సబ్బు తొందరగా అరిగిపోతుందని అందరికీ తెలుసు.

ఐదో తొట్టి గలగలది. పెట్టెలు చేసే వడ్రంగి భార్య. నోరు మూస్తే ఊపిరాడదేమో అన్నట్టు మాట్లాడేది.

"నిన్న మా ఆయన పొద్దున్నుంచి నాతో ఒక్క మాట మాట్లాడలేదక్కా."

"సందిచ్చావా?" అనేది తాళాలక్క.

పెద్ద దుప్పటి పిండటానికి ఇద్దరు కావాలి. చెరో కొస పట్టుకుని ఒకరు ఇటు, ఒకరు అటు మెలితిప్పాలి. ఇద్దరి బలం సమంగా లేకపోతే దుప్పటి మధ్యలో నీళ్ళు ఉండిపోతాయి. అక్కడ ఎవరి జంట వాళ్ళకుండేది. గలగలకు జంట తాళాలక్క. ఇద్దరూ నిలబడి పిండితే ఆఖరి చుక్క దాకా రాలిపోయేది. నేను చేతిలో పని ఆపి చూసేవాణ్ణి. ఒకరి చేతిని ఒకరు అంతగా ఎరిగిన మనుషులను నేను తక్కువ చూశాను.

గలగలకు నాలుగేళ్ళ కూతురు. దాన్ని చిన్న గలగల అనేవాళ్ళు. దానికి ఎనిమిదో తొట్టి దగ్గర కూర్చోవడం ఇష్టం, కాగు పక్కన రాయి వెచ్చగా ఉంటుందని. తల్లి ఊరుకునేది కాదు. "అది జబ్బు తొట్టే, ఇటు రా. నా పక్కన కూర్చో" అని ఐదో తొట్టి అంచు మీద కూర్చోబెట్టుకునేది. పాప కాళ్ళు నీళ్ళలో ఆడిస్తూ, నురుగు దోసిట్లోకి తీసుకుని తలకు టోపీలా పెట్టుకునేది. ఆ టోపీని ఎంతసేపూ తాళాలక్కకే చూపించేది.

"ఎవరమ్మా ఈ దొరసాని? మా సావిడికి తనిఖీకి వచ్చారా?"

"ఊఁ. తాళాలు ఇవ్వు" అనేది పాప.

తాళాలక్కకు సొంతమంటూ ఉన్నది ఒక్క చెల్లెలు. తల్లి పోయేనాటికి ఆ పిల్లకు ఆరేళ్ళు, అక్కకు పద్దెనిమిది. దాన్ని పెంచడంలో పడి ఈవిడ తన కాపురం సంగతి మరిచిపోయింది. ఇద్దరూ ఒక దర్జీ కొట్టు మీది గదిలో ఉండేవాళ్ళు. చెల్లెలు ఆ దర్జీకే కాజాలు కుట్టేది. ఆమె కుట్టిన కాజా తిరగేసి చూస్తే ఏది లోపలో ఏది బయటో తెలిసేది కాదు. దర్జీ మంచివాడే గాని భయస్తుడు. అంతకు ముందు ఒకమ్మాయి ఇంట్లో జ్వరమని తెలిసి పని మాన్పించాడు. "జ్వరం ఇంట్లో కుట్టిన బట్ట ఎవరు తొడుక్కుంటారమ్మా?" అన్నాడు. మళ్ళీ పిలవలేదు. గది కూడా అతనిదే, కింద పెరట్లో కుళాయి కూడా అతనిదే.

ఒక ఎండాకాలంలో చెల్లెలికి జ్వరం పట్టుకుంది. నాలుగు రోజులు చూసి దూరంగా ఉన్న వేరే డాక్టరుకు చూపించారు. టైఫాయిడ్. దర్జీకి మాత్రం నడుం నొప్పి అని చెప్పి, కాజాలు మంచం మీదే కుడతానని తెప్పించుకున్నారు. వాటిని రాత్రిపూట అక్క కుట్టేది. చెల్లెలికి లేచి కూర్చునే శక్తి లేదు. పక్కబట్టలు రోజూ పాడయ్యేవి.

ఇవన్నీ నాకు తర్వాత తెలిశాయి. ఆ రోజు నాకు తెలిసింది ఇంతే. మొదటి తొట్టి పైపులో వాల్వు వాషరు పోయింది. కొత్తది వచ్చేదాకా వారం రోజులు నీళ్ళు సగానికి తగ్గించి పెట్టాను. ఆ సంగతి అక్కకు చెప్పాను కూడా. మూడో నాడు వాల్వు ఎలా ఉందో చూద్దామని తెల్లారకముందే వెళ్ళాను. సావిడి తలుపు దగ్గరగా వేసి ఉంది. లోపల అక్క ఒక్కతే మూడో తొట్టిలో దుప్పటి ఉతుకుతోంది.

నన్ను చూసి ఉలిక్కిపడింది. "ఇంత పొద్దున్నే ఏంటయ్యా?"

"వాల్వు చూద్దామని. నీ బట్టలా అక్కా?"

"ఆఁ. పాతవి."

కాగు కింద పొయ్యిలో నిన్నటి బూడిద అలాగే ఉంది. ఎనిమిదో తొట్టి అంచు పొడిగా ఉంది. కాగు రాజేస్తే గొట్టంలోంచి పొగ లేస్తుంది. ఆ వేళ పొగ లేచినా, ఎనిమిదో తొట్టి అంచు తడిగా కనిపించినా ఎవరింట్లో జబ్బని వీధంతా అడుగుతుంది. తాళాలు ఆవిడ దగ్గరే ఉంటాయి కాబట్టి వీధికి పెద్దగా ఆలోచించాల్సిన పనీ లేదు. నాకు వాసన తగిలింది. నేను పైపుల మనిషిని, వాసనలు తెలుసు.

"అక్కా, నీళ్ళు సగమే వస్తున్నాయి. మామూలుగా గంటలో తొట్లన్నీ కడిగేసుకుపోయేవి, ఇప్పుడు రెండు గంటలైనా పోవు."

ఆవిడ దుప్పటి ఎత్తి దించింది. నా వైపు చూడలేదు.

"ఏం కాదులే" అంది.

ఆ మాట ఆ నోటి నుంచి నేను వినడం అదే మొదటిసారి. వాల్వు చూసి వచ్చేశాను. గంటన్నరకు సావిడి మనుషులతో నిండింది. నేను మళ్ళీ వెళ్ళేసరికి పాప ఐదో తొట్టి అంచు మీద కూర్చుని, తల మీద నురుగు పెట్టుకుని ఉంది.

రెండు వారాలు తిరక్కుండా కింది తొట్ల వాళ్ళ ఇళ్ళలో ముగ్గురు పిల్లలకు జ్వరం వచ్చింది. కాగు రోజంతా మండింది. ఎనిమిదో తొట్టి అంచు మీద సబ్బు ముక్కలు పెట్టడానికి చోటు చాల్లేదు. ఇద్దరు పిల్లలు లేచారు. చిన్న గలగల పద్దెనిమిదో రోజున పోయింది.

మున్సిపాలిటీ నుంచి ఇద్దరు మనుషులు వచ్చారు. పైపు చూశారు, కాలవ చూశారు, సీసాల్లో నీళ్ళు పట్టుకున్నారు. అక్కను అడిగారు. "ఈ నెలలో జ్వరం బట్టలు ఎవరైనా ఉతికారా?"

"ఈ ముగ్గురు పిల్లల కన్నా ముందు ఎనిమిదో తొట్టిలో ఎవరూ ఉతకలేదు" అంది అక్క.

అందులో అబద్ధం లేదు. నేను పక్కనే రెంచీ పట్టుకుని ఉన్నాను. నన్ను పైపుల గురించే అడిగారు. పైపుల గురించే చెప్పాను.

ఆ సాయంత్రం అక్క నా దగ్గరికొచ్చింది.

"నువ్వు చూశావుగా."

"చూశాను."

"మరెందుకు చెప్పలేదు?"

"నీళ్ళు తగ్గించింది నేను అక్కా."

"తగ్గాయని తెలిసే ఉతికాను. నా తప్పులో నీకు వాటా ఇవ్వను." "దాని ఏడుపు కొంచెం తగ్గనీ. నేనే చెబుతాను. నువ్వు మాత్రం నోరెత్తకు, అది నా నోటితోనే వినాలి" అంది.

నేను ఒప్పుకున్నాను.

గలగల ఏడుపు తగ్గింది గాని మాట కూడా దాంతోనే పోయింది. నెల తర్వాత మూట పట్టుకుని వచ్చి ఐదో తొట్టి దగ్గర నిలబడింది. ఉతికింది, పిండింది, వెళ్ళిపోయింది. అడిగితే ఊఁ, ఉహుఁ. పేరు మాత్రం గలగలే. కొత్తగా వచ్చినవాళ్ళు ఎగతాళికి పెట్టిన పేరనుకునేవాళ్ళు. చెల్లెలు కోలుకుంది. కొన్నాళ్ళకు టోపీల కొట్టు అతన్ని పెళ్ళి చేసుకుని వేరే ఊరు వెళ్ళిపోయింది. తను బతికిన నెలలో ఏం జరిగిందో ఆమెకు తెలియదు. అక్క చెప్పలేదు.

అక్క తన బట్టలు ఎనిమిదో తొట్టికి మార్చుకుంది. ఎందుకని అడిగితే కాగు పక్కన నడుముకు వెచ్చగా ఉంటుందంది. అప్పట్నుంచి జబ్బు ఇంటి బట్టలు ఎవరు తెచ్చినా, "అక్కడ పెట్టి పో, ఇంట్లో మనిషిని చూసుకో" అని తనే ఉడకబెట్టి, ఉతికి, ఆరేసి, మడతపెట్టి ఇచ్చేది. వేళ్ళ సందులు నీళ్ళలో నాని పాసిపోయేవి. చలికాలంలో చేతులు పగిలి రక్తం వచ్చేది. ఎవరైనా "నీలాంటి మనిషి ఉండరక్కా" అంటే గయ్యిమనేది. "పని చూసుకో. నా గురించి నీకేం తెలుసు?" అందరూ దాన్ని కూడా మంచితనంలోనే జమకట్టారు.

అన్నిటికన్నా కష్టం గలగలతోనే వచ్చింది. వడ్రంగికి పక్షవాతం వచ్చి ఏడాదిన్నర మంచంలో ఉన్నాడు. ఆ ఏడాదిన్నర అతని పక్కబట్టలన్నీ తాళాలక్కే ఉతికింది. అతను పోయిన తర్వాత గలగల సావిడికి వచ్చి, అందరి ముందూ అక్క చెయ్యి పట్టుకుంది. అన్నేళ్ళలో ఆమె నోట అంత పొడుగు మాట అదే.

"నువ్వు లేకపోతే నేనేమైపోయేదాన్నక్కా. నాకు తోడబుట్టినవాళ్ళున్నా ఇంత చెయ్యరు."

అక్క చెయ్యి లాగేసుకుని బొగ్గుల గదిలోకి పోయింది. నేను అక్కడే ఉన్నాను.

"ఇప్పుడైనా చెప్పకపోతే ఎలా అక్కా?"

"మొన్ననే మొగుడు పోయాడయ్యా. ఈ పూటే నన్ను కూడా తీసేసుకోమంటావా?"

ప్రతిసారీ ఏదో ఒకటి అడ్డం వచ్చేది. మొదట ఏడుపు తగ్గాలి, తర్వాత మాట రావాలి, తర్వాత మొగుడు లేవాలి. ఇరవై రెండేళ్ళు గడిచాయి. వారానికి ఒకసారి ఇద్దరూ ఎదురెదురుగా నిలబడి దుప్పటి పిండుతూనే ఉన్నారు. చేతులు ముసలివయ్యాయి గాని బలం సమంగానే తగ్గింది. ఆఖరి చుక్క రాలుతూనే ఉంది.

ఈలోగా ఇళ్ళలోకి కుళాయిలు వచ్చాయి, తర్వాత మిషన్లు వచ్చాయి. సావిడికి వచ్చేవాళ్ళు పది మందయ్యారు, ఐదుగురయ్యారు. బళ్ళు నిలుపుకునే చోటు కావాలని మున్సిపాలిటీ కాగితం అంటించింది. ఫలానా తేదీ మధ్యాహ్నానికి నీళ్ళు కట్టెయ్యమని నాకు చెప్పారు.

ఆ రోజు పొద్దున నలుగురు వచ్చారు. ఇంట్లో మిషన్ ఉన్నవాళ్ళు కూడా ఒక దుప్పటి తెచ్చుకున్నారు, ఊరికే. కాసేపు పాత కబుర్లు చెప్పుకుని నవ్వారు. ఒకావిడ తాళాలక్క నడక అనుకరించింది, నోటితో తాళాల చప్పుడు చేస్తూ. పన్నెండయ్యేసరికి ముగ్గురూ వెళ్ళిపోయారు. ఐదో తొట్టి దగ్గర గలగల ఒక్కతే మిగిలింది. చేతిలో పెద్ద దుప్పటి. వాల్వు దగ్గర నేను.

అక్క నా వైపు చూసింది. "కాసేపు ఆగు" అంది. ఐదో తొట్టి అవతల పక్కకు పోయి నిలబడింది. గలగల చెయ్యి చాచి దుప్పటి కొస ఇవ్వబోయింది. అక్క పట్టుకోలేదు.

"నీతో ఒక మాట చెప్పాలి. ఇక్కడే చెప్పాలి."

"చెప్పక్కా."

"పాప పోయిన ఏడాది. మా చెల్లికి టైఫాయిడ్ వచ్చింది. ఎవరికీ చెప్పలేదు. దాని బట్టలు పై తొట్టిలో ఉతికాను. ఉడకబెట్టలేదు. పది రోజులు."

గలగల తొట్టిలోకి చూసింది.

"ఏ తొట్టిలో?"

"మూడు."

"నేను ఐదు."

"అవును."

"పాప ఎనిమిదో తొట్టి దగ్గరికే పోతానని ఏడ్చేది. జబ్బు అంటుకుంటుందని నేనే పోనివ్వలేదు. ఇక్కడ కూర్చోబెట్టుకున్నాను." తడి చేత్తో తొట్టి అంచు మీద ఒక చోటు చూపించింది. "ఇదిగో, ఇక్కడ."

"తెలుసు."

"నువ్వు కూడా దాన్ని ఎత్తుకొచ్చి ఇక్కడే కూర్చోబెట్టేదానివి."

అక్క రెండు చేతులూ ముందుకు చాచింది. దుప్పటి కొస కోసమో, ఇంకా దేనికోసమో నేను చెప్పలేను. ఏడాదిన్నర పక్షవాతం బట్టలు ఉతికిన చేతులు అవి. గలగల వాటిని చూసింది. అక్కర్లేదన్నట్టు కూడా తల ఊపలేదు. దుప్పటి తీసుకుని వెళ్ళి ఇనుప స్తంభానికి ఒక కొస చుట్టింది. రెండో కొస పట్టుకుని ఒక్కతే మెలితిప్పడం మొదలుపెట్టింది.

దుప్పటి పిండటం ఒక్క మనిషి వల్ల అయ్యే పని కాదు. స్తంభం తిరగదు కాబట్టి మెలిక అంతా ఒకవైపే పడుతుంది. గలగలకు అది తెలుసు. అయినా తిప్పింది. ఊపిరి ఆడనంత తిప్పింది. నీళ్ళు కొన్ని రాలాయి, చాలావరకు లోపలే ఉండిపోయాయి. నేను సాయం వెళ్ళబోయి ఆగిపోయాను. నా చేతులు మాత్రం ఏం శుభ్రం.

తడి దుప్పటి అలాగే భుజాన వేసుకుని ఆమె తలుపు దాటి వెళ్ళిపోయింది. వెనక్కి చూడలేదు. ఐదో తొట్టి నుంచి గడప దాకా నల్లరాయి మీద నీళ్ళ చార పడింది.

"ఇక కట్టెయ్యి" అంది అక్క.

వాల్వు తిప్పాను. పైపు రెండు మూడుసార్లు గురక పెట్టి ఆగింది. వరసగా తొట్ల బిరడాలు లాగాను. మొదటిది ఖాళీ అయింది, రెండోది, మూడోది. అన్నిటికన్నా ఆఖరున ఎనిమిదోది.

నేను వెనక్కి తిరిగేసరికి అక్క మోకాళ్ళ మీద కూర్చుని తుడుపుగుడ్డతో ఆ చార తుడుస్తోంది. రోజూ తుడిచినట్టే, ఐదో తొట్టి దగ్గర మొదలుపెట్టి, గుడ్డ పిండుకుంటూ, గడప దాకా. గడప అవతల వీధిలోనూ చుక్కలు పడి ఉన్నాయి. అటు ఒకసారి చూసింది. ఆ చుక్కలు తుడిచే పని ఆవిడది కాదు. లేచి, నడుము తాడు విప్పి, తొమ్మిది తాళంచెవులూ నా చేతిలో పెట్టింది.